రాజశేఖర్ హస్తవాసి

బయట కూర్చోమన్న నర్సు మాట రాజశేఖర్ చెవిన పెట్టలేదు. పేషెంటు తన పేషెంటు, మోకాలు తను రెండేళ్ళుగా చూస్తున్న మోకాలు, తనకు బయటికి దారి చూపించేవాళ్ళు ఇంకా పుట్టలేదన్నాడు. నర్సు డాక్టర్ అర్చన వంక చూసింది. ఉండనివ్వమని ఆవిడ తలూపింది. రాజశేఖర్ ఎన్నికల్లో గెలిచినవాడిలా వచ్చి మంచం తలవైపు నిలబడ్డాడు.

నూజెండ్ల దగ్గర పల్లెటూళ్ళో అతను ఆరెంపీ. జ్వరమొచ్చినా, తేలు కుట్టినా ఊరు అతని గుమ్మంలోకే పరిగెత్తేది. హస్తవాసి మంచిదని పేరు. చదువు లేకపోయినా ఆ పేరు ఉంది, అదే అతని ఆస్తి. ఇప్పుడు మంచం మీద పడుకున్న కొండమ్మ నడవలేక, మిరపచేలోకి వెళ్ళలేక ఏడుస్తుంటే కొడుకు నవీన్ నరసరావుపేటలో ఈ ఆస్పత్రికి తీసుకొచ్చాడు. ఇక్కడ సూదితో ఆమె లేచి నడిచిందంటే, రేపట్నించి ఊరంతా పేట బస్సెక్కుతుంది. ఆ భయంతోనే మహానుభావుడు పిలవకపోయినా ఆటో ఎక్కాడు. ఇక్కడ జరిగేదంతా నాటకమని తేల్చి, ఆమెను అదే ఆటోలో వెనక్కి తీసుకుపోవాలని అతని పట్టుదల.

ఇంతకు ముందు ఈ మోకాలికి ఎవరైనా ఇంజెక్షన్లు చేశారా అని డాక్టరు అడిగింది.

“ఎవరైనా ఏంది? నేనే చేశా. ఆరు. ఇంకో చెయ్యి పడనిస్తే గదా,” అన్నాడు రాజశేఖర్.

“ఆయన చెయ్యి మంచిదేనమ్మా, నా మోకాలే మంచిది కాదు,” అంది కొండమ్మ.

డాక్టరు ఆమెకు నెమ్మదిగా చెప్పింది. ఈ స్కానింగ్ తెర మీద మోకాలి లోపలంతా కనిపిస్తుంది, సూది ఎక్కడికి పోతోందో తెల్లటి గీతలా తెలుస్తుంది, అది చూసుకుంటూ మందు సరిగ్గా కీలులోకి వేస్తాను, భయపడొద్దు అంది. రాజశేఖర్‌కి నవ్వు ఆగలేదు. ముప్పై నిండాయో లేదో, పదేళ్ళు చదివి ఈ పిల్ల నేర్చుకున్నది ఇదా అనుకున్నాడు.

“విన్నావా అత్తా? నీ మోకాలు యాడుందో ఈమెకి టీవీ చెప్పాలంట. నేను బొటనేలితో నొక్కి పొడిచేవాణ్ణి.”

కొండమ్మ సూది భయానికి కళ్ళు గట్టిగా మూసుకుంది. గదిలో లైట్లు తగ్గించారు. డాక్టరు ఆమె మోకాలికి చల్లటి జిగురేదో రాసి, సబ్బుబిళ్ళంత పరికరాన్ని దాని మీద ఆనించింది. రాజశేఖర్ నిలబడిన చోటికి ఆవిడ వీపు అడ్డం, చేతులు కనపడవు. తెర మాత్రం ఎదురుగా ఉంది. నలుపూ తెలుపూ మసక మసకగా కదిలాయి. తర్వాత ఆ మసకలో తెల్లటి గీత ఒకటి స్పష్టంగా మెరిసింది.

డాక్టరు చెయ్యి అక్కడే ఆగిపోయింది. పరికరాన్ని అటు జరిపింది, ఇటు తిప్పింది, మళ్ళీ అక్కడికే తెచ్చింది. ముఖం చిట్లించింది. ఆ తడబాటు తెర మీద కనపడగానే రాజశేఖర్‌కి ప్రాణం లేచొచ్చింది. ముసలామె అబ్బా అని కూడా అనలేదు, చెయ్యి తేలికే అని ఒక్క క్షణం అనిపించింది. కానీ మెచ్చుకోవటం అతనికి అలవాటు లేదు.

ఫోన్ తీసి వీడియో పట్టమని నవీన్‌కి పురమాయించాడు. ఊళ్ళో నలుగురూ చూడాలన్నాడు. పుట్టినప్పట్నించీ అతని చేత సూదులు పొడిపించుకున్నవాడు కావటంతో నవీన్ కాదనలేక ఫోన్ పైకెత్తాడు. నర్సు వద్దనబోయింది. డాక్టరు మాత్రం తెర మీంచి కళ్ళు తిప్పకుండా, తీసుకోనివ్వమంది.

“మీకేం కనపడుతోందండీ?” అని రాజశేఖర్‌ని అడిగింది.

“సూది. కనపడక ఏంది? తెల్లగా, నిటారుగా.”

“సరైన చోటే ఉందంటారా?”

ఇలాంటి ప్రశ్న కోసమే అతను పేట దాకా వచ్చింది. గొంతు సవరించుకుని, ఫోన్లో తన ముఖం పడేట్టు జరిగి, తెర మీద వేలు పెట్టాడు.

“ఇదిగో, కీలు ఈడుంది. సూదేమో ఆడ, కండలో దిగబడింది. చిన్నపిల్లోడైనా చెప్తాడు ఇది తప్పని. ఆ మందు పోసినా ఒకటే, మురిక్కాలవలో పోసినా ఒకటే. నొప్పి తగ్గటం అటుంచి, ఉన్న కాలు కూడా పోద్ది ముసలామెకి.”

“అంటే చేతకానివాళ్ళ పని అంటారు.”

“చేతకాకపోవటమా? ఇట్టా గుచ్చినోళ్ళని ఆస్పత్రిలోకే కాదు, గొడ్ల సావిట్లోకి కూడా రానీకూడదు. కావాలంటే సంతకం పెట్టి రాసిస్తా.”

కొండమ్మ కళ్ళు తెరిచి భయంగా కొడుకు చెయ్యి పట్టుకుంది. లే అత్తా, ఇంటికి పోదాం, నీ మోకాలు నేను చూసుకుంటా అని రాజశేఖర్ ఆమె భుజం తట్టాడు. పెద్ద డాక్టర్లంటే ఇంతే, గాజు తలుపులూ ఏసీలే గానీ లోపల సరుకు లేదని నవీన్ ఫోన్‌కి కూడా చెప్పాడు.

డాక్టరు నర్సు చేత లైట్లు వేయించింది. పరికరం పక్కన పెట్టి, బల్ల మీదున్న పళ్ళెంలోంచి సన్నటి పాకెట్టొకటి తీసి అందరికీ కనపడేలా పట్టుకుంది.

“నా సూది ఇదండీ, ఇంకా కవరు కూడా చింపలేదు,” అంది. “ఆ లోపల విరిగి ఉన్నది మీది.”