నీళ్లు పోయని సాన

ఫకీర్ మియా సంచిలో అతని సామాను నీలమ్మే కుక్కుతోంది.

లుంగీ, రొట్టెల మూట, సాన చక్రం తోలుపట్టీ.

"ఇగ నడువు సాయబూ. మళ్ల గీ నారాయణఖేడ్‌ల కనవడకు."

కత్తులకు సాన పట్టే ఆ ముసలివాడు బీదర్ నుంచి వచ్చి రెండేళ్లయింది. నీలమ్మ అరుగు పక్కనే చక్రం పెట్టుకునేవాడు. నీకెవరున్నారని ఎవరూ అడగలేదు.

"నేనేం జేసిన బిడ్డా?"

"నా కత్తిపీటకైతే నీళ్లు పోస్కుంట మెల్లగ పడ్తవ్. గా బస్టాండు పోరగాండ్ల కత్తులకు సుక్క నీళ్లు పోయవు. నిప్పురవ్వలు లేశేదాంక పడ్తవ్! వాళ్లేమో సీటీలు గొడ్తరు. దసరాకు మళ్ల కొత్త కత్తులు తెచ్చిండ్రట. గా జట్టుల నా కొడుకు మొగులప్ప గూడ ఉన్నడు."

"నన్ను ఉండనియ్యి బిడ్డా. వేరేతాన పట్టిచ్చుకుంటే ఇంక పరేషాన్."

"ఏంది, గిరాకీ పోతదని బుగులా?"

ఫకీర్ మియా ఏదో చెప్పబోయాడు. గడపలో నిలబడ్డ మొగులప్పను చూసి నోరు మూసుకున్నాడు.

మొగులప్ప నవ్వాడు. "పో చాచా. జహీరాబాద్‌ల పట్టిచ్చుకుంటం."

ముసలివాడు చక్రం భుజాన వేసుకుని బస్టాండు వైపు నడిచాడు.

ఆ పూట నీలమ్మ కడుపునిండా తిన్నది.

దసరా నాడు జమ్మిచెట్టు దగ్గర బస్టాండు జట్టు, బజారు జట్టు కొట్టుకున్నాయి. అంతకుముందు ఉగాదికీ కొట్టుకున్నాయి. అప్పుడూ కత్తులు లేచాయి. కానీ కమిలిన గాయాలతోనే అందరూ ఇళ్లకు వచ్చారు. పోశమ్మ తల్లి దయ అనుకున్నారు.

ఈసారి అలా జరగలేదు.

పదకొండో నాడు కమ్మరి ఈరయ్య పలకరించడానికి వచ్చాడు. నీలమ్మ కొడుకు బట్టల మడతలోంచి ఒక కత్తి తీసి అతని ముందు పడేసింది.

"గిది తీస్కపో. ఇంట్ల ఉండొద్దు."

దాని మొన చిక్కుడుకాయలా వంగి ఉంది.

"గిట్లెట్ల వంగింది వదినా?"

"ఉగాది కొట్లాటల. బజారు పోరన్ని పొడవబోతే వంగిందట."

ఈరయ్య దాన్ని చేతులతోనే ఇంకొంచెం వంచాడు. అతని ముఖం మారిపోయింది.

"దీనికి సాన ఎవలు పట్టిండ్రు?"

"గా సాయబే. రెండు జట్ల కత్తులకు ఆయినెనే పట్టిండు."

"నీళ్లు పోయకుంట పడ్తే ఉక్కు కాలి సచ్చిపోతది వదినా. పైకి తళతళ మెరుస్తది, పొడిస్తే వంగుతది. గది తెల్వనోడు సాన పట్టడు. ఆయిన కావాల్ననే చేసిండు."



నీలమ్మ నెల రోజులు బీదర్ బస్సు వచ్చినప్పుడల్లా ఎదురెళ్లి చూసింది.

1983లో ఫకీర్ మియా దసరాకు పన్నెండు రోజుల ముందు వెళ్లాడు, తిరిగి రాలేదు. మొగులప్ప దసరా నాడు వెళ్లాడు, తిరిగి రాలేదు.