తుంపరకు నిప్పు పెట్టేవాడు

“మళ్ల వానికేనా?” పంపు కొడుతూనే రాయమల్లు పళ్లు నూరాడు.

ఆదిలాబాద్ విమానాల మైదానంలో ఆ ఉదయం కూడా దివిటీ పర్శరాములు చేతికే వెళ్లింది. కూలిన విమానంలోంచి చమురు తుంపరగా చిమ్మి భగ్గుమంటుందట. ఏదో మందు కలిపితే ఆ తుంపర అంటుకోకుండా ఉంటుందేమో చూడడానికి పట్నం నుంచి ఇంజనీరు సాబు దిగాడు. దూరంగా నిలబడి పంపు కొట్టేది రాయమల్లు. గొట్టం మూతి దగ్గర తుంపరకు నిప్పు పెట్టేది పర్శరాములు. మందపాటి కోటు వాడికే, సాబు పక్కన కూర్చుని తాగే చాయ్ వాడికే.

నిజానికి దివిటీ పట్టడానికి సాబు ముందు పిలిచింది రాయమల్లునే. తెల్లారేసరికి పర్శరాములు వెళ్లి ఆ పని తన్నుకుపోయాడు. మొన్న మంట ఎగదన్ని వాడి కనుబొమలు కాలితే సాబు స్వయంగా మందు రాశాడు. అది చూసి కూడా రాయమల్లు కడుపు మండింది.

ఇంట్లో మంట వేరే ఉంది. భార్య చంద్రవ్వ రాయమల్లుకు సద్ది తెచ్చినప్పుడల్లా పర్శరాములుకూ రెండు రొట్టెలు తెచ్చేది. కాలిన ఆ ముఖం చూసి కొంగుతో కళ్లు కూడా తుడుచుకుంది.

“వానికెందుకే రొట్టెలు?”

“ఒంటి మనిషి. ఎవరు చేసి పెడ్తరు?”

“నువ్వున్నవ్ గదా!”

ఆమె తల దించుకుంది. తప్పుంది కాబట్టే నోరు లేవలేదని రాయమల్లు ఖాయం చేసుకున్నాడు.

ఆ సాయంత్రమే సాబు దగ్గరికి వెళ్లాడు. “సార్, పర్శరాములు తాగొస్తుండు. చెయ్యి వణుకుతుంది. దివిటీ నాకియ్యుండ్రి.”

పచ్చి అబద్ధం. అయినా నిప్పుతో పని కదా, సాబు మరో మాట అడగకుండా పర్శరాములును పంపేశాడు.

పర్శరాములు కోటు విప్పి రాయమల్లు చేతిలో పెట్టాడు. “జర పైలం. గాలి తిరిగితే ఎనుకకు ఉరుకు.”

ఓర్వలేక అంటున్నాడని రాయమల్లు నవ్వుకున్నాడు.

ఇంటికొస్తూనే కోటు చంద్రవ్వ ముందు పడేశాడు. “రేపటి సంది దివిటీ నాదే. నీ పర్శరాములును ఎల్లగొట్టించిన.”

చంద్రవ్వ ఉన్నచోటనే కూలబడి బావురుమంది.

“ఏడువు! గంత పాణమా వాని మీద?”

“నీ బదులు నిలబడుమని ఆయన కాళ్లు మొక్కింది నేనే.”