ఇమానం చూసిన పిల్ల

“ఇమానం పడింది చూసినోళ్లు ఈ ఊర్లో ఎవురూ లేరప్పా. అందరూ పోయినారు. నువ్వు కూడా ఎల్లిపో,” అంటూ యల్లక్క తలుపు వేయబోయింది.

ప్రవీణ్ తలుపుకు చెయ్యి అడ్డం పెట్టాడు. “ఒక్క మాట అవ్వా. హిందూపురం నుంచి వచ్చినా. అరవై ఏండ్ల కిందట మీ గుట్ట మీద మిలిట్రీ విమానం పడింది కదా, దాని గురించి పుస్తకం రాస్తాండా. బుక్కపట్నం, నల్లమాడ, ముదిగుబ్బ... అన్నీ తిరిగి ఈడికొచ్చినా.”

“నాకేం తెలీదు అంటి కదా!”

“ఆ దినం గుట్ట మీద గొర్రెలు మేపతా ఒక ఆడపిల్ల ఉండిందంట. తొమ్మిదో పదో ఏండ్లు ఉంటాయి. ఆ పిల్ల కోసమే తిరుగుతాండా.”

యల్లక్క చెయ్యి తలుపు మీదే బిగుసుకుపోయింది.

ఆ సంగతి ఆమె కన్నతల్లికి చెప్పలేదు. కట్టుకున్నవాడికి చెప్పలేదు. ఆ రోజు గుట్ట మీద తనను చూసిన మనిషి ఒక్కడే. ఆ మనిషి చచ్చిపోయాడు. మరి ఇతనికి ఎవరు చెప్పినట్టు?

“ఎవురత్తా వచ్చింది?” లోపలి నుంచి కోడలు కళావతి వచ్చింది. విషయం విని సంబరపడింది. “రండి సార్, లోపలికి రండి. మా అత్త సిన్నప్పుడు ఆ గుట్ట మీదే గొర్రెలు కాసిందంట. అడగండి, బాగా చెప్తాది.”

కోడలు చాప పరిచింది. ప్రవీణ్ కూర్చుని సెల్‌ఫోన్ రికార్డింగులో పెట్టి మధ్యలో ఉంచాడు. యల్లక్క గోడ వారగా జరిగి చేటలోని శెనిక్కాయలు ఒలవబోయింది.

“ఈయన్ని ఎప్పుడన్నా చూసినావా అవ్వా?”

అతను చాప మీద ఒక ఫోటో పెట్టాడు. మిలిట్రీ టోపీ పెట్టుకున్న పడుచువాడు. యల్లక్క ఒక్కసారి చూసి తల పక్కకు తిప్పుకుంది. అవే కళ్లు. అప్పుడు వాటి నిండా నెత్తురు ఉండేది.

“కళావతీ,” అంది, “నువ్వు పోయి గొర్రెలకు నీళ్లు పెట్టుపో.”

“ఇప్పుడే పెడ్తి కదత్తా.”

“మళ్లా పెట్టు. పో!”

కోడలు బిక్కమొహం వేసుకుని బయటికి పోయింది. యల్లక్క ఫోన్ వైపు, ప్రవీణ్ వైపు మార్చి మార్చి చూసింది. ఇంక దాచడానికి శక్తి లేకపోయింది.

“ఆ పిల్లని నేనే నాయనా.”

ప్రవీణ్ ఫోన్ ఆమె దగ్గరికి జరిపాడు. “ఏం జరిగింది అవ్వా?”

“పెద్ద సద్దు వచ్చె. గొర్రెలన్నీ సెదిరిపాయ. బండల సందులో పొగ. ఏందో అని పోయి చూస్తి. ఆయప్ప పడుండాడు. కాలు ఎట్లనో మడిసి పోయుండాది. నన్ను చూసి చెయ్యి చాపినాడు. ‘నీరు, నీరు’ అన్నాడు. నా సంకలో సొరకాయ బుర్ర ఉండె. దాని నిండా నీళ్లు ఉండె నాయనా!” ఆమె చేటను పక్కకు నెట్టింది. “ఒక గుక్క పోయలేదు. దెయ్యమనుకొని పరిగెత్తితి. ఎనక్కి తిరిగి కూడా చూడలేదు. మర్సనాడు మిలిట్రీవాళ్లు గుడ్డలో చుట్టి మోసకపోతాంటే దూరంగా నిలబడి చూసినా. నీళ్లు పోసింటే బతుకుతాండెనేమో. ఇప్పటికీ చెంబు ఎత్తితే ఆ చెయ్యే కనపడ్తాది.”

ప్రవీణ్ ఫోన్ అందుకుని రికార్డింగు ఆపేశాడు.

“ఇంతకు ముందు ఇద్దరు ముసలామెలు ఆ పిల్లని నేనేనన్నారు అవ్వా. కట్టు కట్టినామన్నారు, గంజి తాపినామన్నారు. పారిపోయినానని చెప్పింది నువ్వొక్కదానివే.”

“ఆయప్ప నీకు ఏమైతాడు?”

“మా తాత.”

యల్లక్క వీపు గోడకు ఆనించి కళ్లు మూసుకుంది. ఇన్నేళ్లుగా ఊర్లోకి కొత్త బండి ఏది వచ్చినా ఆమె భయపడింది ఇందుకే. ఆ మనిషి తాలూకు వాళ్లు ఏదో ఒక రోజు వస్తారని. వచ్చారు.

“కొడతావో, పోలీసోళ్లకు పట్టిస్తావో నీ ఇష్టం నాయనా,” రెండు చేతులూ జోడించింది. “మా కళావతికి మాత్రం చెప్పొద్దు. నన్ను దేవతను చూసినట్టు చూస్తాది.”

ప్రవీణ్ ముందుకు వంగి ఆ చేతులు పట్టుకున్నాడు. ఆమె వెనక్కి లాక్కోబోయింది.

“మా తాత ఆ దినం సావలేదు అవ్వా. గుడ్డలో చుట్టి తీసకపోయింది విమానంలో ఆయన పక్కన కూర్చున్న ఇంకొకాయన్ని. మా తాత మొన్న ఎండాకాలంలో పోయినాడు, మా ఇంట్లోనే. ఆ పిల్లను ఎట్లనన్నా ఎతకమని నాతో మాట తీసుకున్నాడు.”

యల్లక్క అతని ముఖంలోకి వెర్రిగా చూసింది. “ఎందుకు? తిట్టేదానికా?”

“దండం పెట్టేదానికి. సుట్టూ గుట్టలు, ఊరు ఏ దిక్కుండాదో తెలీక పడుండినాడంట. నువ్వు పరిగెత్తిన దిక్కే మనుషులుంటారని తెల్లార్లూ డేక్కుంటా రోడ్డుకు చేరినాడు. కట్టెల లారీవాళ్లు ఆసుపత్రికి తీసకపోయినారు. నువ్వు పారిపోబట్టే ఆయన బతికినాడు అవ్వా.”