రంగు గురించి రెండు నిమిషాలు

“ఈ రంగు చూడండి. చేలో మట్టి. ఎంత లోతుగా ఉందో,” అన్నారు ఇంద్రజగారు, బొమ్మను ముక్కు దగ్గరికి తీసుకుని. వెంటనే కాస్త దూరంగా జరిపి, “వాసన కూడా అచ్చం పల్లెటూరిదే,” అన్నారు.

కమిటీ సభ్యులు తలలూపారు. ఆ ట్రస్టులో తల అడ్డంగా ఊపే అలవాటు ఎవరికీ లేదు.

ట్రస్టు పేరు కళా ప్రకృతి సమత. కళ అంటే అధ్యక్షురాలు ఇంద్రజగారు హైదరాబాదులో పదిహేను రోజులు నేర్చుకొచ్చిన పెయింటింగు. ప్రకృతి అంటే, చెట్లను కాపాడమని రాసి నిద్రగన్నేరు చెట్టుకే మేకులతో కొట్టిన ఫ్లెక్సీ. సమత సంగతి కాఫీల దగ్గర తెలుస్తుంది. వేదిక మీదివాళ్ళకు పింగాణీ కప్పులు, కిందివాళ్ళకు కాగితం గ్లాసులు. ఖర్చంతా ఆవిడ భర్త గణేష్‌బాబుగారి స్పిరిట్ ఫ్యాక్టరీది.

ఈ ఏడు వాళ్ళకు బొమ్మల పోటీ ఆలోచన వచ్చింది. కొన్న రంగులు వాడకూడదు. ఎవరి ఊళ్ళో దొరికిన రంగుతో వాళ్ళే వెయ్యాలి. గెలిచినవాళ్ళు కలెక్టరుగారి ముందు ఆ రంగు గురించి మైకులో రెండు నిమిషాలు మాట్లాడాలి.

రాజమండ్రి ఆడవాళ్ళు పసుపు, బీట్‌రూట్, గోరింటాకు నూరారు. వారం తిరిగేసరికి పసుపు వెలిసింది, గోరింటాకు రాలింది, బీట్‌రూట్ బూజు పట్టింది. నిలిచింది ఒక్కటే బొమ్మ. కాలువ, గట్టు, ఒక కొంగ, ఖాళీ చేలు. అన్నీ ఒకే ముదురు గోధుమ రంగు, ఒకచోట పలచగా, ఒకచోట చిక్కగా. వేసింది వీరవేణి. ఎకరం కౌలుకు చేసుకునే మనిషి, ముగ్గులు తప్ప బొమ్మలు వేసి ఎరగదు. కాగితం వెనక ‘రంగు ఎక్కడిది’ అన్నచోట ‘మా చేలోది’ అని రాసింది.

ఆమెను హాలుకు పిలిపించారు. చెప్పులు బయట విడిచి వచ్చి నిలబడింది. కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. కూర్చోమన్నవాళ్ళే లేరు.

“మట్టిని ఎంత బాగా వాడావమ్మా,” అన్నారు ఇంద్రజగారు.

“మట్టి కాదండి మేడంగారు, అదీ...”

“అవునమ్మా. మట్టి కాదు, తల్లి.” ఆ మాట ఆవిడకే నచ్చేసింది. డైరీ తీసి రాసుకున్నారు.

వీరవేణి దాళ్వా పంట పోయి, బహుమతి చెక్కుకు ఆశపడి వచ్చిందని కమిటీ జాలిపడింది. జాలిపడడం ఒక్కటే వాళ్ళకు బాగా చేతనైన పని.

“రేపు నువ్వు నమస్కారం పెట్టి దిగిపో. నీకు మైకు అలవాటుండదు. రంగు గురించి నేను మాట్లాడతాలే,” అన్నారు ఇంద్రజగారు.

“గెలిచినోళ్ళకి రెండు నిమిషాలని రాశారు కదండి. చెక్కు మీరే ఉంచేసుకోండి. ఆ రెండు నిమిషాలు నాకిప్పించండి.”

ఇంద్రజగారి మొహం మాడిపోయింది. బహుమతి ఇంకెవరికైనా ఇచ్చేద్దామని గోడవైపు చూశారు. అక్కడ బూజు పట్టిన బీట్‌రూట్ తప్ప ఏమీ లేదు.

“సరే. కానీ రంగు గురించి తప్ప ఇంకొక్క ముక్క మాట్లాడకూడదు. మీ ఊరి గొడవలూ, అర్జీలూ అక్కడికి తేవద్దు.”

“రంగు గురించేనండి. ఒట్టు.”

మర్నాడు హాలు నిండింది. ఇంద్రజగారు ఇరవై నిమిషాలు మాట్లాడారు. ‘మట్టి కాదు, తల్లి’ అని నాలుగుసార్లు అన్నారు, నాలుగుసార్లూ చప్పట్లు కొట్టించుకున్నారు. ప్రతి బిడ్డా ఈ రంగును తాకి తరించాలన్నారు. గణేష్‌బాబుగారు ఊరుకోలేకపోయారు. కలెక్టరుగారి పక్కనుంచి లేచి, వేలు తడిచేసి బొమ్మ మీద రుద్ది, నుదుట బొట్టు పెట్టుకున్నారు. ఫొటోగ్రాఫర్ల కోసం రెండోసారి కూడా పెట్టుకున్నారు.

అప్పుడు వీరవేణికి మైకిచ్చారు. ఆమె సంచిలోంచి మూత బిగించిన నీళ్ళ సీసా తీసి కలెక్టరుగారి ముందు పెట్టింది. సగం దాకా అదే రంగు ఉంది.

“చాలా బాగుందమ్మా. ఇందులో ఏం కలిపారు?” అని అడిగారు కలెక్టరుగారు.

“నేనేం కలపలేదండి, గణేష్‌బాబుగారి ఫ్యాక్టరీ గొట్టంలోంచి వచ్చి నాలుగు నెలలుగా మా చేలో నిలబడ్డ నీళ్ళలో కుంచె ముంచానంతేనండి.”