పేరులేని జబ్బు

పెద్ద డాక్టరుగారి దగ్గరికి మామూలు జబ్బులతో ఎవరూ రారు. వస్తే ఆయన ఊరుకోరు. తలనొప్పితో వచ్చిన ఓ పెద్దమనిషిని, "దీనికి నేనెందుకండీ?" అని కసిరి పంపించేశారు. పది ఆస్పత్రులు తిరిగినా ఎవరికీ అంతుపట్టని జబ్బయితేనే ఆయన కళ్లు మెరుస్తాయి.

ఆ కళ్లు కూడా ఎప్పుడూ కంప్యూటర్ తెర మీదే ఉంటాయి. జబ్బు రిపోర్టుల్లో ఉంటుంది గానీ మొహాల్లో ఏముంటుందని ఆయన వాదన. గది గోడల నిండా ఆయన పేర్లు పెట్టిన జబ్బుల మెదళ్ల ఫొటోలు. ఆ మెదళ్ల తాలూకు మనుషులు ఏమయ్యారో మాత్రం ఎక్కడా రాసి లేదు.

ఆ రోజు చివర్లో, మాస్కు పెట్టుకున్న ఒకావిడ వచ్చి ఎదురుగా కూర్చుంది.

"చెప్పండి," అన్నారు తెర మీంచి చూపు తిప్పకుండానే.

"జబ్బు నాకు కాదండీ, మావారికి. మనుషుల్ని పోల్చుకోలేరు. కొడుకుని కూతురి పేరుతో పిలుస్తారు."

డాక్టరుగారి వేళ్లు టకటకలాడాయి. "ఇంకా?"

"కంచంలో చెయ్యి పెట్టి, తినడం మర్చిపోయి ఎటో చూస్తుంటారు. ఒకటడిగితే ఇంకోటి చెబుతారు. నిద్రలో మాకెవరికీ తెలియని భాషలో ఏవేవో పేర్లు కలవరిస్తారు."

భాష కూడా మారిందంటే మాటలా? డాక్టరుగారి ఒళ్లు పులకరించింది. ఏ పుస్తకంలోనూ లేని కేసు తనంతట తానే నడిచొచ్చి ఒళ్లో పడింది.

"నొప్పీ, బాధా ఏమైనా ఉన్నాయా?"

"ఆయనకేం లేదండీ."

"ఎప్పట్నుంచి ఇలా?"

"మొదట్నుంచీ కాస్త ఉంది. నలుగురిలో పేరొచ్చాక ముదిరింది."

గొంతు ఎక్కడో విన్నట్టే అనిపించింది. రోగుల బంధువుల గొంతులన్నీ ఒకేలా ఏడుస్తాయిలే అని సరిపెట్టుకున్నారు.

"నయమవుతుందంటారా?" అడిగిందావిడ.

"నయం సంగతి తర్వాతమ్మా. ముందు దీనికో పేరు పెట్టాలి."

"నయం కాదంటే, పిల్లల్ని తీసుకుని మా అక్కయ్య దగ్గరికి వెళ్లిపోదామనుకుంటున్నాను."

"నిక్షేపంలా వెళ్లండి. అలాంటి మనిషితో కాపురం ఎవరివల్ల అవుతుంది? ఇన్నాళ్లు చేశారంటే మీకు దండం పెట్టాలి. వెళ్లేముందు ఆయన్ని మాత్రం నాకు అప్పజెప్పండి."

"అలాగేనండీ. మీరే చెప్పాక ఇంకేముంది," అని లేచింది.

తలుపు దగ్గర ఒక్క క్షణం ఆగి వెనక్కి చూసింది. డాక్టరుగారు తల ఎత్తలేదు. అప్పటికే ఆయన విదేశీ పత్రికకు వ్యాసం మొదలుపెట్టేశారు. కొత్త జబ్బుకు పేరు కోసం పెద్దగా తడుముకోలేదు కూడా. తన ఇంటిపేరే తగిలించారు.

బయట, ఆవిడ మాస్కు తీసి కళ్లు తుడుచుకుంటుంటే నర్సు దగ్గరికొచ్చి మెల్లగా అడిగింది: "ఇంట్లో ఎలాగూ పోల్చుకోరన్నారు, పోనీ ఇక్కడైనా సార్ మిమ్మల్ని గుర్తుపట్టారా మేడమ్?"