కళ్లంలో జప్తు

"ఆగండి! బస్తాలు కుట్టకండి. ఈ ధాన్యం జప్తు చేస్తున్నాం" అన్నాడు రెవెన్యూ ఇన్‌స్పెక్టర్ గున్నేశ్వరరావు, కళ్లంలో అడుగుపెడుతూనే. వెనకాల ఇద్దరు బంట్రోతులు, మూడు ఖాళీ బండ్లు.

తూర్పారబోస్తున్న అబ్బులు చేట కింద పెట్టాడు. "నేనేం తప్పు చేశానండీ?"

"నువ్వు కాదయ్యా. ఈ పొలం ఆసామి కుక్కుటేశ్వరరావు గారు నాలుగేళ్లుగా శిస్తు కట్టలేదు. ఆయన పంట అమ్మి జమ చేసుకోమని తాలూకా ఆఫీసు ఆర్డరు."

"ఆయన పంటేంటి బాబూ! కౌలుకి చేసింది మేం. చూడి గేదెనమ్మి ఎరువేశాం" అంటూ అబ్బులు పెళ్లాం రత్తమ్మ రాశికి అడ్డంగా నిలబడింది.

ఇన్‌స్పెక్టర్ మంచివాడే. కాగితం మడిచి అబ్బులు వైపు తిరిగాడు. "కౌలుదారు పంటయితే నేను ముట్టుకోను. ఆ మాట నీ నోటితో చెప్పు. రాసుకుని వెళ్లిపోతాను."

చెబితే ఏడాది తిండి దక్కుతుంది. కానీ కౌలుదారని సర్కారు కాగితంలోకెక్కితే ఆసామి మర్నాడే పొలం లాక్కుంటాడు. కౌలుదారుకి హక్కులిస్తూ చట్టం వచ్చిన దగ్గర్నించీ ఆ ఊళ్లో ఏ ఆసామీ కాగితం రాయడం లేదు. ఆఫీసర్లు ఎవరడిగినా పాలేరునని చెబుతానని ముందే ఒట్టు వేయించుకుంటున్నారు. దిక్కుమాలిన బతుకు! తన కష్టం తనదని చెప్పుకునే రాత కూడా లేదు.

"నేను పాలేరునండి. పంట అయ్యగారిదేనండి" అన్నాడు అబ్బులు తల దించుకుని.

"మరి మీ ఆవిడ మాదంటోందే?"

"దానికి తెలీదండి."

రత్తమ్మ రాశి పక్కనే కూలబడి గుండెలు బాదుకుంది. నలభై బస్తాలూ బండ్లెక్కి కాలవగట్టు మీదుగా నిడదవోలు వైపు వెళ్లిపోయాయి. ఆ రాత్రి ఇంట్లో పొయ్యి వెలగలేదు.

నెల తిరక్కుండా కుక్కుటేశ్వరరావు కబురు పెట్టాడు. అబ్బులు వెళ్లేసరికి అరుగు మీద కూర్చుని, బకాయి మొత్తం తీరినట్టు వచ్చిన రసీదు చదువుకుంటున్నాడు.

"విన్నానురా. ఆఫీసరు ముందు మాట నిలబెట్టుకున్నావు. వచ్చే ఏడూ పొలం నీదే."

అబ్బులుకి కళ్లనీళ్లొచ్చాయి. చేతులు జోడించాడు. "అయ్యా, ఇంట్లో తిండిగింజలు..."

"అన్నట్టు అబ్బులూ" అన్నాడు కుక్కుటేశ్వరరావు, రసీదు మడిచి జేబులో పెట్టుకుంటూ, "ఈ ఏటి కౌలు ఇరవై బస్తాలూ ఎప్పుడు కొలుస్తావు?"