పనసచెట్టు కింద పోట్లాట

పాత పాక తీయించాలి. నేల చదును చేయించి పచ్చిక పరిపించాలి. గేటు పక్కన ఖర్జూరం చెట్లు నాటించాలి. మధ్యలో ఉన్న పనసచెట్టు కొట్టించాలి.

కొత్తపేటలో పేరిరాజుగారు తన ఇంటి తోట కోసం నా చేతిలో పెట్టిన చీటీ ఇది. మా ఇంట్లో మొదటి డిగ్రీ నాదే, అదీ తోటల పెంపకంలో. అందుకని ఊరుకోలేకపోయాను.

"ఇక్కడ ఖర్జూరాలెందుకండీ?"

"మస్కట్‌లో మా సేటు తోట అలాగే ఉంటుందండి. ఇరవయ్యేళ్ళు గేటు బయట నుంచి చూసేను."

"మన నేలకి సహజంగా ఉండాలండీ. నా ప్లాను చూడండి, ఈ రెల్లుగడ్డి..."

"ఆయ్, అది మా కాలవగట్టు మీద ఊరికే మొలుస్తుంది కదండీ మేడమ్‌గారూ!"

గంటసేపట్లో మాకు కుదిరింది ఒక్కటే, పనసచెట్టు పోవాలని.

"ఆకులు రాలి ఒకటే చెత్తండీ," అన్నారాయన.

"అవునండీ, శుభ్రం చేసుకోలేం," అన్నాను.

ఆ చెట్టు మొదట్లో కూర్చుని క్యారేజీ విప్పుతున్న పనిమనిషి లోవమ్మ తలెత్తింది.

"ఆకులు ఊడ్చేది నేను కదండీ. మధ్యలో మీ ఇద్దరికీ ఏంటండీ నడుంనొప్పి?"

ఇద్దరం పైకి కొమ్మల్లోకి చూశాం. మిట్టమధ్యాహ్నం గంటసేపు మేం పోట్లాడింది ఆ నీడలో నిలబడే.

చెట్టు మిగిలింది. అది తన ఆలోచనేనని పేరిరాజుగారు చుట్టాలకి చెబుతున్నారు. నేనూ తక్కువ తినలేదు, ఆ తోట ఫోటో కింద నా పేరే వేసుకున్నాను.

ఆ ఫోటో మీకెక్కడైనా కనిపిస్తే, దయచేసి లోవమ్మగారిని గుర్తు చేసుకోండి.